ఎంచకుండా కొన్న కత్తి

1962 మార్చి 14, బుధవారం. మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకు మస్తానయ్య బతికే ఉన్నాడు. తన వలల కొట్టం ముందు నిలబడి, దారిన పోయే ఒకావిడని మంచినీళ్లు అడిగి తాగాడు. రెండు నలభైకి ఆమే చెంబు కోసం తిరిగి వచ్చింది. కొట్టంలో అతను బోర్లా పడి ఉన్నాడు. ఎడమవైపు పక్కటెముకల కింద ఒకే పోటు.

పొడిచిన కత్తి దొరకలేదు.

ఉప్పుగుంటపాలెం బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంది. అరవై గడప. మస్తానయ్య ఆ పాలెం వాడు కాదు. లోపలి ఊళ్లో మాగాణి ఉన్న మనిషి. రెండేళ్ల కిందట ఒడ్డున కొట్టం వేసి, మద్రాసు నుంచి నైలాను వలలు తెప్పించి, కూలికి మనుషులను పెట్టి వేట చేయిస్తున్నాడు.

మూడున్నరకు సబ్ ఇన్‌స్పెక్టర్ సంజీవరావు జీపు వచ్చింది. నాలుగు గంటల పది నిమిషాలకు చిన్నపోలయ్య అనే ముప్పై ఏళ్ల జాలరిని అరెస్టు చేశాడు. ఆధారాలు మూడు. బుధవారం ఉదయం పదకొండు మంది ఎదుట అతను మస్తానయ్యతో తగాదా పడి, నీ వల కోసేస్తానన్నాడు. కొట్టంలో ఒక నైలాను వల కోసి ఉంది. పాలెంలో ప్రతి మగవాడి మొలకూ ఉండే కత్తి అతని మొలకు లేదు. కత్తి ఏదని అడిగితే నోరు విప్పలేదు.

అతని తల్లి చెంచమ్మ ఆ సాయంత్రమే బస్సెక్కి నెల్లూరు వెళ్లి, ప్రైవేటు డిటెక్టివ్ రంగనాయకుల్ని కలిసింది. గురువారం ఉదయం ఎనిమిది యాభైకి ఇద్దరూ పాలెంలో దిగారు.

"ఒంటిగంటకు ఇతన్ని మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకుపోతున్నా" అన్నాడు సంజీవరావు. "జీపులో ఇంకొకరికి చోటుంది. నెల్లూరు బస్సు దగ్గర దించమంటే దించుతాను."

"ఒంటిగంట దాకా నన్ను కాస్త తిరగనివ్వండి. ఆ తర్వాత ఎక్కించుకుందురు" అన్నాడు రంగనాయకులు.

"తిరగండి. ఇసకలో చెప్పులు తెగుతాయి, అంతే."

చిన్నపోలయ్యను పాకబడిలో కూర్చోబెట్టారు. చేతులకు బేడీలు. తలుపు దగ్గర కానిస్టేబులు. మొలతాడు ఎరుపు తిరిగిన నలుపు. ఆ పాలెంలో నూలు వలలతో పాటు మొలతాళ్లు, కత్తి తాళ్లు అన్నీ ఒకే కాగులో, తుమ్మచెక్క ఉడికిన నీళ్లలో ముంచుతారు. కుడివైపు కత్తి వేలాడాల్సిన ముడి ఉంది. కత్తి లేదు.

"నిన్న రెండింటి నుంచి మూడు దాకా ఎక్కడున్నావు?"

"తెప్ప నీడన పండుకోనుండా."

"చూసినవాళ్లున్నారా?"

"నిద్ర పొయ్యేటోణ్ణి ఎవురు చూస్తారు సామీ?"

"మస్తానయ్యతో తగాదా ఎందుకొచ్చింది?"

"ఆయన నైలాను వల వచ్చి మా నూలు వలల మీద పడతా ఉండాది. పది రోజుల్లో రెండు చించినాది. పాలెంలో నైలాను దిగకూడదని ఆదెయ్యన్న కూటంలో కట్టు పెట్టినాడు. ఆ మాట అడిగినా. ఆయన నవ్వినాడు. మీ పాలెంలోనే ఒకడు నాతో కలిసినాడు, రేపు కూటంలో పేరు చెప్తా అన్నాడు. అప్పుడు కోసేస్తానన్న మాట నిజమే. వలని. మనిషిని గాదు."

"నీ కత్తి ఏది?"

చిన్నపోలయ్య నేల చూశాడు.

"కత్తి చూపిస్తే ఒంటిగంటకు జీపు ఎక్కే పని లేదు. చూపించకపోతే ఇది ఉరిదాకా పోయే కేసు. తెలుసా?"

"తెలుసు సామీ."

"అయినా చెప్పవు."

"చెప్పను."

రంగనాయకులు దగ్గరికి వంగి చూశాడు. కింది పెదవి మీద, కుడి మూలన, నాలుగు గాట్లు. రెండు పచ్చివి. రెండు ఎండి పక్కు కట్టాయి.

"పెదవికి ఏమైంది?"

"దారం కొరికినా."

"వల దారం పళ్లతో కొరుకుతావా?"

 పక్కు కట్టిన గాట్లు నాలుగైదు రోజులవి. అంటే నిన్నటి కంటే ముందే అతని మొలన కత్తి లేదు. రంగనాయకులు ఆ మాట రాసుకున్నాడు. బస్సులో చెంచమ్మ దారి పొడుగునా ఒకే మాట అంది. ఇంట్లో బాలింతను వదిలి వచ్చానని.

"మీ ఇంట్లో పురుడు ఇది ఎన్నో రోజు?"

చిన్నపోలయ్య మొదటిసారి తలెత్తాడు. 

"తొమ్మిది" అన్నాడు. తర్వాత, "సామీ, ఆ ఇన్‌స్పెట్రుకి చెప్పబాకండి" అన్నాడు.

టైము తొమ్మిది ముప్పై అయిదు.

పాలెం పెద్ద ఆదెయ్య బడి బయట వేచి ఉన్నాడు. యాభై ఐదేళ్ల మనిషి. పట్నం ఆయనకు తోడుగా తిరగమని చెంచమ్మే బతిమాలింది.

"ఆ పిల్లోడు చెయ్యలేదని నా మనసు చెప్తా ఉండాది" అన్నాడు ఆదెయ్య నడుస్తూ. "గాని నోరు మెదపడే. ఏం చేసేది?"

కొట్టం పన్నెండడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పు. తలుపు ఒకటే. నెత్తురు మరక తలుపుకు నాలుగడుగుల లోపల ఉంది. పెనుగులాడిన గుర్తులు లేవు. తాగిన చెంబు గోడ వారగా నిటారుగా ఉంది. వచ్చినవాణ్ణి మస్తానయ్య ఎరుగును. దగ్గరికి రానిచ్చాడు.

అక్కడే ఉన్న సంజీవరావు డాక్టరు చీటీ చూపించాడు. గాయం వెడల్పు ముప్పావు అంగుళం. లోతు మూడంగుళాలు. ఒక అంచు తెగినట్టుంది, రెండో అంచు రంపం తగిలినట్టు చిరిగింది. శవం చొక్కా జేబులో ఒక మడత కత్తి దొరికింది. రంగనాయకులు తెరిచి చూశాడు. అలుగు ముప్పావు అంగుళం వెడల్పు. సగం దాకా సన్నని పళ్లు. నెత్తురు లేదు. కీలులో నెత్తురు ఆనవాలు కూడా లేదు.

"ఇది పోయినాయనది" అన్నాడు సంజీవరావు. "తియ్యడానికి టైము చాలలేదు. దాంతో మనకు పని లేదు."

గుంజల మీద ఆరేసిన నైలాను వల నాలుగడుగుల మేర కోసి ఉంది. రంగనాయకులు తెగిన కొసలు లెక్కపెట్టాడు. అరవై రెండు. ప్రతి కొసా ఒక్క లాగుతో తెగింది.

"ఆదెయ్య గారూ, మీ కత్తి ఒకసారి ఇస్తారా?"

ఆదెయ్య మొలనుంచి తీసి ఇచ్చాడు. మడత లేని ఒంటి ముక్క కత్తి, ఒకటిన్నర అంగుళం వెడల్పు, కర్ర పిడి, చివర తెల్లటి తాడు. రంగనాయకులు దాంతో నైలాను దారం కోశాడు. అలుగు జారింది. రెండోసారి జారింది. నాలుగో లాగుకు తెగింది. కొస పీచు లేచింది.

"నూలు దారానికైతే వెన్నలో దిగినట్టు దిగద్ది" అన్నాడు ఆదెయ్య. "ముప్పై ఏళ్లుగా ఇదే నా మొలన ఉండాది. నైలానుకి మా కత్తులు పనికిరావు."

"అవును" అన్నాడు రంగనాయకులు. "వల కోసింది మీ పాలెం రకం కత్తి కాదు. జేబులో ఉన్నలాంటి పళ్ల కత్తి." కత్తి తిరిగి ఇచ్చేశాడు. టైము, కత్తి కొలత, తాడు రంగు రాసుకున్నాడు.

"చనిపోయినవాడు తన వల తనే కోసుకున్నాడని రాయమంటారా?" అన్నాడు సంజీవరావు.

"అలాంటి కత్తులు ఎన్ని ఉన్నాయో అడిగి చెప్తాను."

"ఎవర్ని?"

"అమ్మినవాణ్ణి."

పాలెం మొదట్లో, సరుగుడు చెట్ల కింద, ఏసుమణి సానరాయి పెట్టుకుని ఉన్నాడు. తడ వైపు మనిషి. నెలకోసారి వచ్చి మూడు రోజులుండి పోతాడు. కత్తులు సానపడతాడు, కొత్తవి అమ్ముతాడు. భార్య రెబెక్కమ్మ చక్రం తిప్పుతుంది. గోనెపట్టా మీద ఇరవై ఆరు కత్తులు పరిచి ఉన్నాయి. టైము పది నలభై.

"నాకొక కత్తి కావాలి. జేబులో పెట్టుకుని రోజూ తిరగడానికి" అన్నాడు రంగనాయకులు.

ఏసుమణి అతని చేతులు చూశాడు. మూడంగుళాల మడత కత్తి తీసి ముందు పెట్టాడు.

"నేనేం పని చేస్తానో అడగవేం?"

"అడిగితే అందరూ అబద్ధం చెప్తారు సార్. గుమాస్తా వస్తాడు, పెన్సిలు చెక్కుకోవడానికంటాడు, అన్నిటికంటే పెద్దది తీస్తాడు. రైతు పదును చూడడు, వెన్ను మందం చూస్తాడు. అరకకు అడ్డుపడిన వేరు కొట్టాలి కదా. మీ చేతికి కాయలు లేవు, సిరా ఉంది. ఉత్తరాలు చింపుకుంటారు. మూడంగుళాలు చాలు."

రెబెక్కమ్మ నవ్వి మొహం తిప్పుకుంది.

"పాలెం వాళ్లు ఏం చూస్తారు?"

"వాళ్లు మడత కత్తి ముట్టరు సార్. నీళ్లలో ఒక చెయ్యి తెప్పని పట్టుకోవాల. కాలికి తాడు చుట్టుకుంటే మిగిలిన ఒక చేత్తో కత్తి తియ్యాల. మడత విప్పడానికి రెండో చెయ్యి యాడుంది? పైగా ఉప్పు పట్టి కీలు బిగిసిపోతుంది. అందుకని ఒంటి ముక్క. కొనే ముందు మూడు పనులు చేస్తారు. పిడి తడిపి పట్టి చూస్తారు, జారకూడదు. తాడు కట్టే బెజ్జంలో గోరు పెట్టి చూస్తారు, గరుకుంటే తాడు తెగుతుంది. ఆ తర్వాత మొలన పెట్టుకుని కళ్లు మూసుకుని లాగి చూస్తారు. చీకట్లో కూడా చెయ్యి దాని మీదికే పోవాల. పదైదు కత్తులు చూసి పదహారోది తీసుకునేవాళ్లు ఉన్నారు. నాకు ఓపిక పోతుంది గాని వాళ్లకు పోదు. ఏమంటావు ఆదెయ్యన్నా?"

ఆదెయ్య వెనక నిలబడి బీడీ వెలిగిస్తున్నాడు. "మాట్లాడు, మాట్లాడు" అన్నాడు.

"పళ్ల కత్తులు ఎవరికి అమ్మావు?"

ఏసుమణి సానరాయి మీద నీళ్లు చల్లాడు. "పాపం, పోయినాయనకే. రెండు. ఇరవై రోజులైంది. మద్రాసు సరుకు. బొత్తాం నొక్కితే ఒక్క చేత్తో తెరుచుకుంటాయి. నా దగ్గర ఉన్నవే ఆ రెండు."

"రెండెందుకు?"

"ఒకటి నాకు, ఇంకోటి నాతో కలిసినవాడికి అన్నాడు."

"ఎవరా కలిసినవాడు?"

ఏసుమణి కత్తుల వంక చూశాడు. "చెప్పలేదు సార్."

రెబెక్కమ్మ చక్రం ఆపింది. "నిన్న మజ్జాన్నం..." అంది.

"నువ్వు తిప్పు" అన్నాడు ఏసుమణి. రంగనాయకులి వైపు తిరిగి, "సానపట్టేవి పది ఉన్నాయి సార్. అయ్యాక మీరొక్కరే ఒకసారి రండి. తీరిగ్గా మాట్లాడదాం" అన్నాడు.

రంగనాయకులు సరేనని లేచాడు. పదకొండు గంటల ఐదు నిమిషాలు. జీపు కదలడానికి రెండు గంటలు కూడా లేదు. ముందు చిన్నపోలయ్య ఇంటికి వెళ్లి అతని కత్తి చూద్దామన్నాడు.

"పురిటింటి కాడ మగోడికి పనేముంది?" అన్నాడు ఆదెయ్య. "నేను ఒడ్డున ఉంటా." తూర్పుకు వెళ్లిపోయాడు.

చిన్నపోలయ్య ఇల్లు పాలెం ఉత్తరపు చివర. తలుపుకు వేపమండ కట్టి ఉంది. రంగనాయకులు చేరేసరికి సంజీవరావు ఇద్దరు కానిస్టేబుళ్లతో అక్కడే ఉన్నాడు. పాకబడి కానిస్టేబులు మాటలన్నీ విని అతనికి చేరవేశాడు.

"గాలి సోకకుండా పురిటి పక్క కింద కత్తి పెడతారని నాకూ తెలుసు" అన్నాడు సంజీవరావు. "మా అమ్మా పెట్టింది. అక్కడే ఉంది కదా సాక్ష్యం? తీసుకొస్తాం."

చెంచమ్మ గడప మీద కూర్చుంది. లేవలేదు.

"పదకొండో రోజు నీళ్లు పోసిందాకా అది కదలకూడదు దొరా."

"అడ్డం లే ముసలమ్మా. నీ కొడుకు కోసమే."

"పోయిన కాన్పులో ఆరో రోజు లంగరు తాడు చిక్కుపడిందని వాడే దాన్ని తీసుకోనిపోయినాడు. ఏడో రోజు బిడ్డ పోయినాడు. అంతకుముందు ఒకటి పోయింది. ఇది మూడోది. అందుకే వాడు చెప్పలా. నువ్వు తీస్తావని వాడికి తెలుసు."

లోపల నుంచి నాగులమ్మ గొంతు వినిపించింది. చిన్నపోలయ్య భార్య. "అత్తా, ఎవురు? తీస్తారా?"

 బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది.

"ఎస్సై గారూ" అన్నాడు రంగనాయకులు, "మీకు కావాల్సింది కత్తా, కొలతా?"

"రెండూ."

"కొలత చాలు. చెంచమ్మ లోపలికి వెళ్లి, చాప అంచు ఎత్తి, అలుగు మీద చీపురుపుల్ల అడ్డంగా పెట్టి అంత మేర తుంచుకొస్తుంది. కత్తి కదలదు. మీరు గడప దగ్గర నిలబడి చూడండి."

"చీపురుపుల్లకు నంబరు వేసి కోర్టులో పెడితే ప్లీడరు నన్ను చీపురుతోనే ఊడుస్తాడు."

"పచ్చి బాలింత కింద నుంచి కత్తి లాగారని పాలెమంతా ఒడ్డుకొస్తే ఏం చేస్తారు? మీతో కలిపి ముగ్గురే ఉన్నారు."

సంజీవరావు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "కానివ్వండి" అన్నాడు.

పదకొండు యాభైకి చెంచమ్మ చాప అంచు ఎత్తింది. సంజీవరావు గడప బయట నుంచి టార్చి వేశాడు. కత్తి కనిపించింది. అలుగు మీద పసుపు ఎండి అట్టకట్టింది. ఎక్కడా పగుల్లేదు. పిడికి, అలుగుకు కలిపి చుట్టిన దారం తెగలేదు. తాడు తుమ్మచెక్క రంగు. చెంచమ్మ పుల్ల తుంచి తెచ్చింది. సంజీవరావు తన స్కేలుతో తనే కొలిచాడు. ఒకటిన్నర అంగుళం. గాయం ముప్పావు అంగుళం.

"రెండో కత్తి ఉండొచ్చు" అన్నాడు.

"ఉంటే దారం పళ్లతో ఎందుకు కొరుకుతాడు? పెదవి మీద పక్కులు చూడండి. నిన్నటివి కావు."

సంజీవరావు చీపురుపుల్లను కవర్లో పెట్టి, కవరు జేబులో పెట్టుకున్నాడు. 

"జీపు రెండింటికి కదులుతుంది" అన్నాడు. "ఆ పళ్ల కత్తి తీసుకున్నవాడి పేరు రెండు లోపల నాకివ్వండి. ఇవ్వకపోతే ఇతనే ఎక్కుతాడు. నాకు ఇంకో పేరు లేదు."

"ఆ పేరు ఏసుమణికి తెలుసు. అందుకే నన్నొక్కణ్ణే రమ్మన్నాడు."

ఇద్దరూ సరుగుడు చెట్ల దగ్గరికి వచ్చేసరికి పన్నెండు ఇరవై రెండు. గోనెపట్టా మీద కత్తులు అలాగే ఉన్నాయి. సానరాయి ఆగి ఉంది. రెబెక్కమ్మ ఒక్కతే ఉంది.

"ఆయన ఏడి?" అన్నాడు రంగనాయకులు.

ఆమె అతని వంక, వెనక దారి వంక చూసింది. "మీ కాడికే కదా సార్ వచ్చినాడు."

"నా దగ్గరికా?"

"మీరు పిలిచినారంట. అవతల లంగరేసిన పడవ మీద ఉండారంట. పళ్ల కత్తి ఒకటి దొరికింది, నువ్వమ్మినదేనా చూసి చెప్పాలంట అని తెప్ప మీద తీసుకోనిపోయినాడు."

"ఎవరు?"

"ఆదెయ్యన్న."

సంజీవరావు వెంట వచ్చిన కానిస్టేబులును ఒడ్డుకు పరిగెత్తించాడు.

"పొద్దున మీరు చెప్పబోయింది ఏంటి? నిన్న మధ్యాహ్నం ఏం జరిగింది?" అని అడిగాడు రంగనాయకులు.

రెబెక్కమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. "జీపు రాకముందు. ఇంకా ఎవురికీ ఏం తెలీదు. ఆదెయ్యన్న వచ్చినాడు. పిడి తడపలా. బెజ్జం చూడలా. మొలన పెట్టి లాగలా. పైనున్న ఒంటి ముక్క కత్తి తీసుకోని పోయినాడు. తాడు కూడా మా కాడిదే. పన్నెండేళ్లుగా కత్తులమ్ముతా ఉండాం సార్. ఎంచకుండా కొన్న పాలెం మనిషిని ఆయన్నొక్కణ్ణే చూసినా. రాత్రి మా ఆయన అదే అన్నాడు. ఆదెయ్యన్నకి ఏదో అయ్యింది అన్నాడు."

రంగనాయకులు నోట్‌బుక్ తెరిచాడు. పొద్దున తొమ్మిది యాభై ఐదుకు రాసుకున్న వరుసలో, "ముప్పై ఏళ్లుగా" అన్న మాట పక్కన, "తాడు: తెలుపు" అని ఉంది. సంజీవరావుకు చూపించాడు. సంజీవరావు రెండుసార్లు చదివాడు. "ముప్పై ఏళ్ల కత్తికి తుమ్మచెక్క రంగు తాడు ఉండాలి; పళ్ల కత్తి పారేశాక ఖాళీ అయిన మొలన ఇది కట్టుకున్నాడు" అన్నాడు రంగనాయకులు.

"ఆయనకి ఈత రాదు సార్" అంది రెబెక్కమ్మ.

ఒడ్డున మొగవాళ్లెవరూ లేరు. చిన్నపోలయ్య తెప్ప తప్ప మిగిలినవన్నీ వేటలో ఉన్నాయి. పదకొండు నలభైకి ఒక తెప్ప ఇద్దరితో వెళ్లిందని, తెడ్డు వేస్తున్న ఆదెయ్యకు చొక్కా లేదని, ముందు కూర్చున్నవాడు చొక్కా తొడుక్కుని ఉన్నాడని చేపలు ఎండేస్తున్న ఒక ఆడమనిషి చెప్పింది. లంగరేసిన పడవలో ఎవరూ లేరని కూడా చెప్పింది. అది వారం నుంచి ఖాళీగా ఉంది.

పన్నెండు ముప్పైకి సంజీవరావు పాకబడికి మనిషిని పంపాడు. చిన్నపోలయ్యను తీసుకొచ్చారు. సంజీవరావే బేడీలు విప్పాడు.

"తెప్ప నెట్టగలవా?"

"నెడతా సామీ" అన్నాడు చిన్నపోలయ్య. చెయ్యి కుడి మొల మీదికి పోయి, ఖాళీ ముడి తాకి, వెనక్కి వచ్చింది.

పన్నెండు ముప్పై ఆరుకు సంజీవరావు బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకున్నాడు. ఆదెయ్య తెప్ప దక్షిణంగా, ఒడ్డుకు మైలు దూరంలో ఉంది. దాని మీద ఒక్క మనిషే ఉన్నాడు. అతనికి చొక్కా లేదు.